కోపానికి ముందు చిల్లు

మా ఊళ్ళో బంగారుదారం పని చేసే ఆడవాళ్ళకి పేరుంది. వాళ్ళకి అట్ట కత్తిరించి ఇచ్చేవాళ్ళకి లేదు. పెళ్ళిదిండ్ల మఖమల్ గుడ్డ మీద ఉబ్బెత్తుగా మెరిసే పువ్వు ఉత్త దారంతో లేచి నిలబడదు. దాని కింద అదే కొలతలో కత్తిరించిన అట్టపువ్వు ఉంటుంది. దారం దాన్ని పూర్తిగా కప్పేస్తుంది. ఆ అట్టపువ్వుని ఇక్కడ ఎంపులూర్ అంటారు, అంటే దవ్వ. అరటిబోదె నరికితే తప్ప దవ్వ ఎవరికీ కనపడదు కదా, ఇదీ అంతే. ఎంబున్ ఓపా యాభై ఏళ్ళకి పైగా ఈ దవ్వలే కత్తిరిస్తోంది.

ఓపా అంటే మలాయి దేశంలో ఈ పేరా రాష్ట్రం వాళ్ళ మాటలో అమ్మమ్మో, నాయనమ్మో. ఎంబున్‌కి మనవలు లేరు. ఉన్న ఒక్క కూతురూ పదకొండేళ్ళకే పోయింది, ఆ తర్వాత కొన్నేళ్ళకి భర్తా పోయాడు. అయినా ఊరు ఎవరినో ఒకరిని ఓపా అనాలి కాబట్టి ఆమెని అంటుంది.

నాకిది అత్తగారి ఊరు. బాగన్ దాతు కొబ్బరితోటల్లో పుట్టిన తెలుగుపిల్లని, నదికి ఎగువన దారాల కొట్టున్న ఇంటికి కోడలిగా వచ్చి ముప్ఫై నాలుగేళ్ళు. నూకరత్నం అని మా తాత పెట్టిన పేరు ఇక్కడెవరికీ నోరు తిరగక కక్ రత్నా అయింది, రత్నక్కన్నమాట. ఎంబున్ ఓపా మా కొట్టుకి వారానికోసారి వచ్చేది, కొనడానికి కాదు. దారపుండల పెట్టెలు, చొక్కా మడతల్లో పెట్టే అట్టలు, క్యాలెండరు వీపులు, ఏవుంటే అవి ఎత్తుకుపోవడానికి.

"ఓపా, ఈసారి గోడలకున్న సున్నం కూడా గీక్కుపోతావా?" అనేదాన్ని.

"సున్నం ఎందుకే. మీ ఆయన బుర్రుంటే ఇవ్వు, మంచి దళసరి అట్ట," అనేది. మా ఆయన లెక్క చూసుకుంటూ తల కూడా ఎత్తేవాడు కాదు, కాబట్టి ఆమె అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు.

ఆమె కత్తిరించడం చూడాలి. వెనక వైపు పెన్సిలుతో ఒక్క గీత గీస్తుంది, ఆ పైన అంతా కత్తెరే. కత్తెర కదపదు, అట్టని తిప్పుతుంది. పెన్సిలు మసి అంటితే బంగారుదారం నల్లబడుతుంది, అందుకని గీసిన వైపు ఎప్పుడూ కిందికి పెట్టి సగ్గుబియ్యపు గంజితో గుడ్డకి అంటిస్తారు. అవతలి వైపు మీద ఏ అచ్చు రాతలున్నా, ఏ సబ్బు బొమ్మలున్నా ఎవరూ పట్టించుకోరు. ఎలాగూ దారం కిందికి పోయేదే కదా. ఊళ్ళో ఎంతోమంది పెళ్ళికూతుళ్ళు బిస్కట్ల పెట్టెల మీదా, మందుల డబ్బాల మీదా ఆనుకుని కూర్చుని పెళ్ళి చేసుకున్నారు. వాళ్ళకి తెలీదు, అంతే.

ఈ ఏడు వానలు కాస్త తగ్గాక చెగు సల్బియా బుర్రలో ఒక తోట మొలిచింది. చెగు అంటే టీచరు. ఆవిడ రిటైరై తొమ్మిదేళ్ళయినా ఊరి ఆడవాళ్ళందరినీ ఇంకా మూడో తరగతిలోనే కూర్చోబెడుతుంది. ఊరి హాల్లో చేత్తో చేసిన తోట పెట్టాలట. గుడ్డా కాగితం తప్ప ఒక్క ఆకు కూడా అసలుది ఉండకూడదట. పక్క ఊళ్ళవాళ్ళు చూసి కుళ్ళుకోవాలట. అందరం నెల రోజులు పని మీద పడ్డాం. గుమ్మానికి అటూ ఇటూ పెళ్ళిళ్ళలో పట్టుకునే కాగితపు కొబ్బరిపూలు నిలబెట్టాం. పాత నీలం లుంగీలన్నీ కలిపి కుట్టి నేల మీద చెరువు పరిచాం. హాలు కప్పు కారుతుందని మాత్రం ఎవరికీ గుర్తు లేదు. జనం రాకముందే, రెండో రోజుకే చెమ్మకి కాగితపు పూలరంగు దిగి, నేలంతా గులాబీ మరకలు. చూస్తే ఎవరికో దెబ్బ తగిలి రక్తం కారినట్టుంది.

జుబైదా అనే ఆవిడ ఆకుపచ్చ బాతిక్ ముక్కలతో వరసగా క్యాబేజీలు చేసి తెచ్చింది.

"పూలతోటలో క్యాబేజీలేంటి జుబైదా?" అంది చెగు.

"నా తోటలో అవే ఉంటాయి. నువ్వు గులాబీలు పులుసు పెట్టుకు తిను," అంది జుబైదా. క్యాబేజీలు ఉండిపోయాయి.

అప్పుడు నేను ఊరుకుంటే పోయేది. నా నోరు ఊరుకోదు. బంగారు పూలు పెడుతున్నాం కదా, వాటి కింది దవ్వలు కూడా ఒక బల్ల మీద పెడదాం, ఎంబున్ ఓపా పేరు రాసి పెడదాం అన్నాను. చెగు సరేనంది. ఎంబున్ ఓపాయే ఒప్పుకోలేదు.

"దవ్వ చూపించుకునే చెట్టు బతుకుతుందా? పోవే," అంది.

పిలవని పేరంటానికి వెళ్ళడం నాకు అలవాటే. మర్నాడు మధ్యాహ్నం ఆమె ఇంటికెళ్ళాను. ఆమె పెరట్లో గంజి కాస్తోంది. "పాత ముక్కలు ఏవైనా తీసుకుపోతానోపా," అని కేకేసి, జవాబు రాకుండానే మంచం కింద వెతికాను. ఒక బిస్కట్ల డబ్బా, అందులో తెల్లగుడ్డలో చుట్టిన అట్ట. ఒక వైపు నున్నగా తెల్లగా, ఒక వైపు బూడిదరంగు. చొక్కా మడతలో వచ్చే అట్ట అది. అందులో అరచేతంత పువ్వుల ఆకారంలో ఐదు చిల్లులున్నాయి. బూడిదరంగు వైపు చిల్లుల మధ్య మిగిలిన చోట నీలం సిరాతో పిల్లరాత. పైన "ఎమక్" అని ఉంది, అమ్మా అని. మధ్యలో "మరా" అని ఒక మాట. అడుగున "బంతల్ సియాప్", దిండు పూర్తి. ఆ కింద "మెలుర్".

మెలుర్ ఆమె కూతురి పేరు. మల్లెపువ్వన్నమాట.

"అది ఉన్నచోట పెట్టెయ్," అని వెనక నుంచి వినిపించింది. ఎంబున్ ఓపా గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

పెట్టెయ్యలేదు నేను. ఇదేంటని అడిగాను. ఆమె గరిటె గోడకి ఆనించి, మంచం అంచు మీద కూర్చుని చెప్పింది.

నలభై ఏళ్ళ కిందటి మాట. ఒక పెద్దింటి పెళ్ళికి దిండ్ల పని వచ్చింది. బంగారు పూల దిండ్లు పన్నెండు. ఎంబున్ దవ్వలు కత్తిరిస్తుంటే నదికి అవతల మైమున్ అనే ఆవిడ దారం కుట్టేది. గడువు తక్కువ. ఆ పనిలో ఉండగానే ఒక శనివారం మధ్యాహ్నం మెలుర్ బడి నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఒళ్ళు పెనంలా ఉంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మంగళవారం తెల్లవారి పిల్ల పోయింది.

పెళ్ళి ముహూర్తం ఎవరి పిల్ల పోయినా ఆగదు. పదో రోజున ఎంబున్ మళ్ళీ కత్తెర పట్టింది. అట్టల దొంతరలో పైనున్నది చూడకుండానే తీసి, తెల్లవైపు తిప్పి గీసింది, ఐదు పూలు కత్తిరించి మైమున్‌కి పంపేసింది. మైమున్‌కి అరబ్బీ అక్షరాలు తప్ప రావు, ఆమెకి ఈ ఇంగ్లీషు అక్షరాల రాత రాతలా కూడా కనపడి ఉండదు. సాయంత్రం ముక్కలు ఊడుస్తుంటే ఎంబున్ చేతికి ఈ మిగులు అట్ట వచ్చింది. తిప్పి చూసింది. ఎమక్ అని ఉంది.

"పరిగెత్తాను. పడవ మీద నది దాటి వెళ్ళేసరికి మైమున్ అన్నీ అంటించేసింది, పెళ్ళివాళ్ళు వచ్చి గుడ్డ బిగించిన చెక్కచట్రాలతో సహా వాళ్ళింటికి పట్టుకుపోయారు, అక్కడే కూర్చుని కుట్టిస్తామని. వాళ్ళింటికి వెళ్ళి ఏమని అడగనే? పెళ్ళికూతురి దిండులో చచ్చిపోయిన పిల్ల రాత ఉందని చెప్పనా? అంతకంటే అరిష్టం ఉంటుందా? వాళ్ళు నన్ను కొట్టేవాళ్ళు. కొట్టినా పర్వాలేదు, ఆ దిండ్లు తగలబెట్టేసేవాళ్ళు. అందుకని నోరు మూసుకున్నాను."

"ఏం రాసిందో నీకు తెలీనే తెలీదా?"

"ఇదిగో, ఈ మాట చూడు," అని వేలు పెట్టి చూపించింది.

మరా. కోపం. మన తెలుగులో కోపం తర్వాత లేదు అనో, పోలేదు అనో వస్తుంది. మలాయిలో అలా కాదు. కాదన్నా, వద్దన్నా, ఇంకా అన్నా, అన్నీ ముందే చెప్పాలి. ఆ మాటకి సరిగ్గా ముందు ఐదు రేకుల చిల్లు ఉంది.

"తక్ మరా అని రాసిందా, కోపం లేదని? మసిహ్ మరా అని రాసిందా, ఇంకా కోపమేనని? బుధవారం నాడు గంజి ఒలకబోసిందని చెంప మీద ఒక్కటిచ్చాను. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడే వీలే లేకపోయింది." ఆమె అట్టని గుడ్డలో చుట్టడం మొదలెట్టింది. "నలభై ఏళ్ళ నుంచి ఒకరోజు తక్ అనుకుంటాను, ఒకరోజు మసిహ్ అనుకుంటాను. ఎక్కువ రోజులు మసిహే."

నాకు ఏడుపొచ్చింది. ఆమెకి రాలేదు. గంజి అడుగంటుతోందని లేచి వెళ్ళింది.

ఆ పెద్దింటి వాళ్ళ అమ్మాయి మర్దియా ఈపో పట్నంలో ఉంటుంది. చెగు ఆమెని అడిగి వాళ్ళమ్మ పెళ్ళిదిండు ఒకటి మా తోటకి తెప్పించింది. పన్నెండింట్లో మిగిలింది ఇదొక్కటే, మిగతావి వరదలోనూ చెదల నోట్లోనూ పోయాయి. ప్రదర్శన తెరిచే రోజు పొద్దున్న మర్దియా కారు దిగి, తెల్లగుడ్డలో చుట్టిన దిండుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఎర్ర మఖమల్ కాస్త వెలిసింది, బంగారం వెలవలేదు. మధ్యలో ఒక్క పెద్ద పువ్వు.

ఎంబున్ ఓపా క్యాబేజీల పక్కన కూర్చుని ఉంది. లేచి వచ్చి ఆ పువ్వు మీద వంగింది. ముక్కు తగిలేంత దగ్గరగా చూసి, ఒక రేకు కొస మీద వేలు పెట్టింది. అది మొద్దుగా తెగి ఉంది.

"ఇది నాదే. ఆ రోజు నా చెయ్యి వణికింది," అంది.

నేను ఆగలేకపోయాను. మర్దియాని పక్కకి లాగి మొత్తం చెప్పేశాను. ఎంబున్ ఓపా నన్ను ఆపడానికి ఒకసారి చెయ్యెత్తి, మళ్ళీ దించేసింది. అది చూసి, ఆమెకీ ఇష్టమేనని నేననుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకోవడానికి ప్రయత్నిస్తుంటాను.

మర్దియా మొహం బిగుసుకుపోయింది. "మా అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. అమ్మది ఇదొక్కటే మిగిలింది. విప్పాలా? ఏదో పాత అట్ట గురించి?"

ఎంబున్ ఓపా వెనక్కి తిరిగింది. చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది. సరే, అయిపోయింది, నా మూలాన ముసలావిడ పరువు పోయింది అనుకున్నాను. పావుగంటకి ఆ గుడ్డ మూట పట్టుకుని తిరిగొచ్చింది. అట్ట తీసి, రాతవైపు పైకి ఉంచి, దిండు మీద అటూ ఇటూ జరిపింది. మూడో చిల్లు దగ్గర ఆగింది. బంగారు పువ్వు ఆ చిల్లులోంచి పైకి వచ్చి కూర్చుంది. మొద్దు రేకుతో సహా ఎక్కడా వెంట్రుకవాసి ఖాళీ లేదు. పువ్వుని ఆనుకుని కుడివైపు మరా అని ఉంది.

మర్దియా ఆ మాటని పైకే చదివింది.

"పువాన్," అంది ఎంబున్ ఓపా. వయసులో తనకంటే ఎంతో చిన్నదాన్ని అమ్మగారూ అని పిలిచింది. "దీన్ని ఆనుకుని మీ అమ్మ పెళ్ళి చేసుకుంది. నేను చెప్పకుండా దాచాను. ఆవిడకి జీవితంలో ఏదైనా చెడు జరిగిందా?"

"మా అమ్మ పోయేదాకా మా నాన్నతో దెబ్బలాడుతూనే ఉంది ఓపా. అది దిండు తప్పు కాదు, మా నాన్న తప్పు," అంది మర్దియా. కళ్ళు తుడుచుకుని, దిండుని తానే బోర్లా తిప్పింది. "ఎక్కడ కొయ్యాలో చూపించండి."

బంగారుదారం గుడ్డలోంచి దూరదు. పైనే అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది, అంచుల్లో కింది నుంచి మామూలు నూలుదారం దాన్ని పట్టుకుంటుంది. దిండు వెనక కుట్టు విప్పి ఆ నూలు కోస్తే బంగారం ఒక మూతలా లేస్తుంది. కిటికీ దగ్గరికి జరిగి నేనే కోశాను. చెగు సల్బియా దిండు కదలకుండా పట్టుకుంది. కప్పు మీద వాన మళ్ళీ మొదలైంది.

మూత లేచింది. కింద బూడిదరంగు పువ్వు. సిరా వెలిసి ఊదారంగుకి తిరిగింది కానీ చెదిరిపోలేదు.

"నాకు ఆనదు. నువ్వు చదువు," అంది ఎంబున్ ఓపా.

రెండు వరసలున్నాయి. మొదటిది చదివాను. "జంగన్."

తక్ కాదు, మసిహ్ కాదు. జంగన్ మరా. కోప్పడకు. అమ్మా, కోప్పడకు. నలభై ఏళ్ళు ఈవిడ పిల్లకి తన మీద కోపం ఉందా లేదా అని కుమిలిపోతే, పిల్ల అమ్మకి కోపం వస్తుందని భయపడి రాసుకుంది. ఎంబున్ ఓపా మొహం ఒక్కసారి విప్పారింది. ఆ మొహం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. నేను అక్కడ ఆపాల్సింది. రెండో వరస అరిగిపోయింది, కనపడటం లేదు అంటే ఎవరు కాదనేవాళ్ళు?

"ఇంకో వరస ఉంది కదా. గీతలు కనపడుతున్నాయి. చదువు," అంది ఓపా.

అబద్ధం నోటికి రాలేదు. చదివాను. "దెమమ్ దారి ఖమిస్." గురువారం నుంచి జ్వరం.

ఎంబున్ ఓపా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. గురువారం, శుక్రవారం, శనివారం.

"డాక్టరు అన్నాడు," అంది మెల్లగా. "రెండు రోజుల ముందు తెచ్చి ఉంటే చూద్దుం అమ్మా, అని. శనివారం వచ్చిన జ్వరానికి రెండు రోజుల ముందు ఎక్కణ్ణుంచి తేను, నీకు లెక్కలు రావా అని ఆసుపత్రిలో అందరి ముందూ ఆయన్ని తిట్టాను."

"ఓపా, నువ్వు..." అన్నాను.

"ఉండు. అడుగున దిండు పూర్తి అని ఎందుకు రాసిందో ఇన్నాళ్ళూ తెలియలేదు. అది నేనన్న మాటే. దిండ్లు పూర్తయ్యేదాకా నన్నెవరూ కదపకండి అని ఇంట్లో అందరికీ చెప్పాను. మాట తప్పకుండా కదపలేదు నా తల్లి. రాసి అట్టల దొంతర మీద పెట్టింది. నేను చూసే చోటు అదొక్కటే కదా. శుక్రవారం, శనివారం పొద్దున ఆ దొంతర నేను ముట్టుకోలేదు. ముందురోజు తీసినవి సరిపోయాయి."

చెగు సల్బియా నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టగల మనిషి, గోడవైపు తిరిగి ఏడ్చింది. నాకు నా నోరు కోసుకోవాలనిపించింది. ముసలిదానికి మేలు చేస్తున్నానని బయల్దేరి, తక్ అనో మసిహ్ అనో అనుకుంటూ బతికేదాన్ని తెచ్చి గురువారంలోకి తోశాను.

మర్దియా గంజి పట్టు వదిలించడానికి గోరుతో ఆ అట్టపువ్వు అంచు లేపబోయింది. "ఇది మీది ఓపా. తీసుకెళ్ళండి."

ఎంబున్ ఓపా ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. ఇంటికి తీసుకెళ్తే రోజూ చదువుతాను. మూసెయ్యండి."

సాయంత్రం నాలుగింటికి జనం వస్తారు. దిండు విప్పి ఉంచడానికి లేదు. బంగారాన్ని మళ్ళీ దాని చోట పరిచి, ఎంబున్ ఓపా రెండు బొటనవేళ్ళతో కదలకుండా నొక్కి పట్టుకుంది. నేను కింది నుంచి నూలుదారంతో అంచు కుట్టడం మొదలెట్టాను. ఇద్దరం కిటికీ కింద ఎదురెదురుగా కూర్చున్నాం. సగం పువ్వు అయ్యాక ఆమె మాట్లాడింది. నాతోనో, కాదో తెలీదు.

"గురువారం వచ్చింది. నేను కత్తిరిస్తుంటే పక్కన వచ్చి నిలబడింది. ఏమీ అనలేదు. చాలాసేపు నిలబడింది. వెలుగుకి అడ్డంగా ఉన్నావు, జరుగు అన్నాను." ఆమె బొటనవేళ్ళు బంగారం మీద అలాగే ఉన్నాయి. "జరిగింది."

నేను కుట్టడం ఆపలేదు. ఆపితే ఆమె మొహం చూడాల్సి వస్తుంది.